కొమ్ముగిన్నె ఆగిన చోటు

అమెరికా వెళ్లొచ్చామని తెలియగానే తెనాలిలో అందరూ అడిగేది ఒకటే, నయాగరా చూశారా అని. చూడలేదండీ, టెక్సాస్‌లో నల్ల ఖడ్గమృగాన్ని చూశాం అంటే, పాపం ఈవిడకి మతి పోయింది అన్నట్టు చూస్తారు. దానికోసం అంత దూరం పోవాలా, మన జూలో లేదా అని మా ఎదురింటావిడ అననే అంది. మన జూలో ఉండేది ఒంటికొమ్ముది. నేను చూసింది ఆఫ్రికాది, రెండు కొమ్ములది. ఆ తేడా నాకు మాత్రం ముందే తెలుసా ఏం? హైస్కూల్లో ఏళ్ల తరబడి సోషల్ చెప్పాను, పిల్లల చేత ఆఫ్రికా మ్యాపు గీయించాను, అంతే.

మా అత్తవారింట్లో ఒక కొమ్ముగిన్నె ఉండేది. అరచేతిలో ఇమిడేంత చిన్నది, ఖడ్గమృగం కొమ్ముతో చెక్కింది. మావారి తాతగారి తండ్రి కాశీలో కొన్నారట. తద్దినం నాడు తర్పణానికి నీళ్లు అందులోంచే పోయాలని ఆ ఇంటి ఆనవాయితీ. మా అత్తగారు దాన్ని పట్టుగుడ్డలో చుట్టి దేవుడి అలమరాలో పెట్టేవారు. జింక కొమ్ము రాలినట్టు అడవిలో దానంతటది రాలిన కొమ్ము, ఏ పాపమూ అంటనిది అని ఆవిడ చెప్పేవారు. మేమూ అదే నమ్మాం. ఆవిడ మాటకి ఆ ఇంట్లో ఎదురు చెప్పినవాళ్లు లేరు.

ఈ శ్రావణంలో మా మామగారి తద్దినం మేం అమెరికాలో ఉండగా పడింది. ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో చేయడానికి అన్నీ కుదిరాయి. గిన్నె మాత్రం తెనాలిలో మా మరిది రామం దగ్గర ఉండిపోయింది. నేను పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ మావారు అది లేకుండా తండ్రికి నీళ్లు వదిలింది లేదు. పైకి ఒక్క మాట అనలేదుగానీ, కాఫీ చల్లారేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. ఆ దిగులు నాకు అర్థమైంది. దాని వెనక నడిచిన వ్యవహారం మాత్రం అర్థం కాలేదు.

ఫ్రిస్కో దాటాక

మమ్మల్ని తీసుకెళ్లింది మా మనవరాలు శ్రియ. అక్కడే పుట్టిన పిల్ల, కాలేజీలో బయాలజీ చదువుతోంది. పోయిన వేసవి సెలవుల్లో అడవి జంతువుల్ని పెంచే ఒక పెద్ద రాంచ్‌లో, అంటే మైళ్ల పొడుగు కంచె వేసిన బీడులో, పనిచేసిందట. "అమ్మమ్మా, మీరు ఇంట్లో కూర్చుని సీరియల్స్ చూస్తున్నారు. ఆ రాంచ్‌కి వెళ్దాం, ఐ విల్ డ్రైవ్. టూ నైట్స్ ఉండి వద్దాం" అంది. నేను సీరియళ్లు చూడనని, వంట చేస్తూ వింటానని చెప్పినా వినిపించుకోలేదు.

ఫ్రిస్కోలో ఇళ్లన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. రోడ్డు మీద నడిచే మనిషి కనబడడు. ఫోర్ట్‌వర్త్ దాటి నైరుతి వైపు తిరిగాక ఆకాశం పెద్దదైంది. మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్లో ఆగాం. ఊరంతా మాంసం కాల్చే పొగ. మావారు కారు అద్దాలు ఎక్కించేసి, ముఖం మాడ్చుకుని, లోపలే పులిహోర తిన్నారు. నేనూ శ్రియా చెట్టు కింద బల్ల మీద కూర్చుని దద్దోజనం తిన్నాం.

పక్కనే ఒక ముసలాయన వ్యాన్ వెనక తలుపు తీసి పీచ్ పళ్లు అమ్ముతున్నాడు. బేరమాడబోతే శ్రియ నా చెయ్యి గిల్లింది. ధర చెప్పను, రూపాయల్లోకి మార్చి నేను పడ్డ బాధ చాలు. ఆయన మాత్రం అడక్కుండానే ఒక పండు జేబుకత్తితో కోసి ముక్క నాకందించాడు, తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. శ్రియ చెప్పింది. ఆయన తల ఊపి, "మా తాతల కాలంలో ఇక్కడ అడవిదున్నలు ఉండేవి. ఇలాగే ఎవరో ఒకరిద్దరు కంచెలు కట్టబట్టే ఇంకా కొన్ని మిగిలాయి" అన్నాడు. ఆ పండు చాలా తియ్యగా ఉంది.

సర్కారు తుమ్మ

అక్కణ్ణుంచి దారి పొడుగునా నాకు తెలిసిన చెట్టే. అది సర్కారు తుమ్మ. మా చిన్నప్పుడు కాలవగట్ల మీద పొయ్యిలోకి కొట్టుకొచ్చేవాళ్లు చూడండి, ఆ ముళ్ల కంపే. శ్రియ దాన్ని మెస్కీట్ అంది, రెండూ ఒకే జాతివని ఫోన్‌లో చూసి చెప్పింది. ప్రపంచం ఆ చివర దిగి సర్కారు తుమ్మని పలకరిస్తానని నేననుకోలేదు.

సాయంత్రం మోటెల్ గదిలో మావారు సంధ్యవార్చుకుని అగరుబత్తి వెలిగించారు. అంతే, పొగ అలారం కీచుమని మోగింది. మోటెల్ నడిపే గుజరాతీ ఆవిడ పరుగున వచ్చి, స్టూలెక్కి దాన్ని ఆపి, మాకు అల్లం టీ పెట్టి ఇచ్చింది. మన ఊళ్లో పొగ లేకుండా పూజ జరగదు, ఇక్కడ పొగ వస్తే ఫైరింజన్ వస్తుందని నవ్వింది. మావారు నవ్వలేదు. తద్దినం ఎలా చేయాలా అని ఆయన ధ్యాస.

ఆ టీ తాగుతూనే ఆయనకి ఫోనొచ్చింది. బయట వరండాలో మాట్లాడి వచ్చారు. మొహంలో వారం రోజులుగా లేని వెలుగు. రామం చేశాడు, లాస్య బయల్దేరుతోందట అన్నారు. లాస్య మా వీధి అమ్మాయే, డాలస్ దగ్గర యూనివర్సిటీలో ఎమ్మెస్ చేయడానికి వస్తోంది. ఎయిర్‌పోర్ట్‌లో మేమే కలిసి ఇంటికి తెచ్చుకోవాలి, సామాన్లో మాకు పచ్చళ్లూ పొడులూ తెస్తోంది. అమెరికా వచ్చే ఎవరి పెట్టెలోనైనా మరొకరి ఆవకాయ ఉంటుంది కదా, నేను ఆ ఫోను గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

కంచె దగ్గర

ఎండ ముదిరితే ఖడ్గమృగం బురదలోంచి లేవదని పొద్దున్నే వెళ్లాం. శ్రియకి తెలిసిన డోనా అనే ఆవిడ మమ్మల్ని వెనక గేటు నుంచి తీసుకెళ్లింది. యాభై దాటిన మనిషి, మాట కటువు. ఆవిడ ఇంగ్లిషులో అన్నది నాకు అర్థమైనంత మేర తెలుగులో రాస్తున్నాను.

మొదట నాకేమీ కనబడలేదు. పొదలో ఒక బండ కదిలింది. ఆ బండకి చెవులున్నాయి, ఒకటి మావైపు, రెండోది ఇంకోవైపు తిరుగుతున్నాయి. దాని వెనక చిన్న బండ. తల్లీ, పిల్లా.

"నల్లగా లేదేం?" అని అడిగాను.

"నల్లది కాదు, బూడిద రంగే. తెల్లదనే పేరున్నదీ బూడిద రంగే. ఎవరో పెట్టారు, అలా ఉండిపోయింది" అంది డోనా. తేడా రంగులో కాదు, మూతిలో చూడమంది. తెల్లదానికి గడ్డి మేయడానికి వెడల్పు మూతి. దీని పై పెదవి కొసదేరి, వేలిలా వంగి ఉంటుంది. ఇది గడ్డి ముట్టదు. ముళ్ల చెట్ల రెమ్మలు తింటుంది. డోనా కంచెలోంచి ఒక ఆకుల కొమ్మ అందించింది. ఆ పెదవి కొమ్మని చుట్టి, తడిమి, ఏరుకుని లాక్కుంది. మా అమ్మ కూరాకు వలిచేటప్పుడు వేళ్లు అలాగే కదిలేవి.

చూపు అంతంతమాత్రం. వినికిడీ వాసనా మాత్రం గట్టివి. పదిహేను నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది. ఆ పిల్ల రెండు మూడేళ్లు తల్లి వెనకే తిరుగుతుంది. అంతవరకూ తల్లి మళ్లీ ఈనదు. "అందుకే ఒకటి చస్తే దాని చోటు నిండడానికి అంత కాలం పడుతుంది. చంపేవాడికి ఒక్క రాత్రి చాలు" అంది డోనా. ఒకప్పుడు ఆఫ్రికాలో వేలకి వేలుగా ఉండేవట. ఒక్క తరంలో దాదాపు తుడిచిపెట్టేశారు. పడమటి వైపు ఉండే తెగ పూర్తిగానే పోయింది. కాపలా పెట్టాక మెల్లగా కొన్ని పెరిగాయిగానీ, ఇప్పటికీ పూర్తిగా పోయే ప్రమాదం ముంగిట్లోనే ఉన్నాయి.

"ఇక్కడ పెంచడం కూడా తేలికేం కాదు. వీటి ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు వస్తుంది, అడవిలో ఉన్నప్పుడు రాదు. అప్పుడప్పుడూ రక్తం తీస్తాం. అలవాటు చేశాం, కదలకుండా నిలబడుతుంది" అని చెప్పింది. అంత భారీ ప్రాణి ఆకుల కొమ్మ నములుతూ సూదికి కాలు అప్పగిస్తుందంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. శ్రియ చూడకుండా తుడుచుకున్నాను.

చూడొచ్చినవాళ్లు ముట్టుకోవడానికి రబ్బరు లాంటి దానితో చేసిన కొమ్ము నమూనా ఒకటి అక్కడ పెట్టారు. మావారు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. ఆయనకి ఉత్సాహం పొంగుకొచ్చింది.

"మా ఇంట్లో అసలుదే ఉంది. దానితో చేసిన పాత్ర. మా పితృదేవతలకి అందులోంచే నీళ్లు వదులుతాం" అన్నారు ఇంగ్లిషులో. "పడిపోయిన కొమ్ముతో చేశారు. రేపో ఎల్లుండో ఇక్కడికి వస్తోంది కూడా. ఒక స్టూడెంట్ తెస్తోంది."

డోనా చేతిలో కొమ్మ ఆగిపోయింది. ఆ తల్లి మూతి చాపి ఎదురుచూస్తోంది.

"కొమ్ము రాలదు" అంది డోనా. "జింకది ఎముక, రాలుతుంది. ఇది మన గోరు లాంటిది, బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది. ఆ అమ్మాయి ఎక్కడుంది ఇప్పుడు?"

ఆఫీసు గది

ముందు ఆ అమ్మాయి సంగతి తేలాలని డోనా గట్టిగా చెప్పింది. ఖడ్గమృగం కొమ్ము ఏ రూపంలోనూ దేశాల మధ్య తిరగకూడదు. ఎంత పాతదైనా సరే, కాగితాలు లేకుండా ఇక్కడ దిగితే పెట్టె ఎవరిదో వాళ్లే జవాబు చెప్పుకోవాలి.

"లాస్యకి తెలుసా తాతయ్యా?" అంది శ్రియ.

మావారు కొమ్ము నమూనాని తిరిగి దాని చోట పెట్టారు.

"ఏమండీ, మిమ్మల్నే" అన్నాను.

"చెప్పలేదు. కారప్పొడి డబ్బాలో పెట్టాడు రామం. చెబితే భయపడుతుందని" అన్నారు నేల చూస్తూ. "పాతదే కదా. ఇప్పుడు మనమేం చంపలేదు కదా. నాన్నకి ఒక్క గిన్నె నీళ్లు..."

నాకు ఒళ్లు మండిపోయింది. పదిమందిలో ఆయన మీద గొంతు పెంచే అలవాటు నాకు లేదు. ఆ రోజు పెంచాను. "పరాయి ఆడపిల్ల పెట్టెలో పెట్టి పంపుతారా? వీసా కోసం ఆ పిల్లా, ఆ తండ్రీ ఎంత తిరిగారో మన కళ్లారా చూశాం. దిగీ దిగగానే దాన్ని ఏ గదిలోనో కూర్చోబెట్టి అడిగితే, ఏమని చెబుతుంది? మా వీధి అంకుల్ కారప్పొడి ఇచ్చారని చెబుతుందా?"

శ్రియ మెల్లగా అంది, "దట్స్ నాట్ ఓకే తాతయ్యా. ఆమెకి తెలీకుండా చేశారు. ఆమె వీసా పోతది."

కంచె దగ్గర సిగ్నల్ లేదు. డోనా మమ్మల్ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి వైఫై ఇచ్చింది. అక్కడ రాత్రి భోజనాల వేళ. రామానికి చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాం, ఎత్తలేదు. లాస్య ఆ సాయంత్రమే తెనాలి నుంచి హైదరాబాద్‌కి కార్లో బయల్దేరిందని, తెల్లవారుజామున విమానమని మావారు చెప్పారు. ఒకసారి ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె వదిలిందంటే ఇక మన చేతుల్లో ఉండదు. ఎయిర్‌పోర్ట్‌లో కలిసి తెచ్చుకోవాలి కాబట్టి లాస్య నంబరు శ్రియ దగ్గర ఉంది, నా అదృష్టం.

ఫోన్ ఎత్తగానే చుట్టూ గిన్నెల చప్పుడు. సూర్యాపేటలో హోటల్ దగ్గర ఆగారట.

"చెప్పండి ఆంటీ. దోసె తింటున్నాం. మీ పొడులన్నీ జాగ్రత్తగా ఉన్నాయి" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. పచ్చళ్లూ పొడులే కాదు, కారప్పొడి డబ్బాలో ఒక గిన్నె ఉంది, అది ఖడ్గమృగం కొమ్ము, నీకు చెప్పకుండా పెట్టారు, అది నీ పెట్టెలో ఉండకూడదు అన్నాను.

"నాన్నా, డిక్కీ తియ్యి" అంది లాస్య, ఫోన్ చేత్తో మూయకుండానే.

డిక్కీ తీసిన వేళ

వీడియో పెట్టింది. హోటల్ ముందు ట్యూబులైటు వెలుగులో తండ్రి పెట్టె నేల మీద పెట్టి జిప్పు లాగుతున్నాడు. తూకం చూసి బిగించి కట్టిన పెట్టె, బట్టలన్నీ బయటికొచ్చాయి. డబ్బా మూత రాలేదు, బలంగా లాగితే ఊడి కారప్పొడి ఆ పిల్ల తెల్లటి చుడీదార్ మీద ఒలికింది. ఆ పొడిలోంచి ఆయన గిన్నె తీసి లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. మా అత్తగారు అంతకాలం పట్టుగుడ్డలో దాచిన గిన్నె, ఒంటినిండా కారంతో సూర్యాపేట హైవే మీద కనబడింది.

ఆయన ఫోన్ అందుకున్నాడు. "అన్నగారూ, పచ్చడే కదా అని తీసుకున్నామండీ. మీరు మాకు తెలిసినవాళ్లు కాబట్టే డబ్బాల మూతలు కూడా తీసి చూసుకోకుండా సర్దాం. ఇదేం పనండీ?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. అదే మరీ నొప్పి కలిగించింది.

మావారు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడారు, ఆయన ఎదురుగా ఉన్నట్టు. "తప్పు నాదేనయ్యా. రామానిది కాదు, నాది. దాన్ని నీతో తెనాలి తీసుకెళ్లు. నేను చెప్పేదాకా ఎవరికీ ఇవ్వకు" అన్నారు. తర్వాత "అమ్మాయిని జాగ్రత్తగా పంపు" అని, ఫోన్ శ్రియకి ఇచ్చేసి బయటికి వెళ్లిపోయారు.

డోనా అంతసేపూ గుమ్మంలోనే ఉంది. మా భాష అర్థం కాకపోయినా జరిగింది అర్థమైంది. నాకొక గ్లాసు నీళ్లు ఇచ్చింది.

సాయంత్రం మళ్లీ

ఆ మధ్యాహ్నం భోజనం ఎవరికీ సహించలేదు. ఎండ తగ్గాక మావారే, ఒక్కసారి మళ్లీ చూసి వద్దాం అన్నారు.

తల్లి బురదలో పొర్లి లేచి, పక్కలు ఎండుతూ నిలబడింది. పిల్ల దాని పొట్ట కింద తలదూర్చి పాలు తాగుతోంది. మావారు కంచె పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత డోనాని అడిగారు, కొమ్ము రాలకపోతే మరెలా తీస్తారని.

"ఇప్పుడైతే, దొంగల నుంచి కాపాడటానికి డాక్టర్లే మత్తిచ్చి పై భాగం కోసేస్తున్నారు. నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. దొంగలు ముఖంతో సహా నరుక్కుపోతారు. ఒక్కోసారి అప్పటికి దాని ప్రాణం పోయి ఉండదు."

"మా తాతగారి తండ్రి నాటికి మత్తు ఎవరిస్తారు" అన్నారు మావారు తెలుగులో, ఎవరితోనూ కాదు.

ఆ గిన్నె మన దేశపు మృగానిదా, దీని తాలూకుదా అని నేను అడిగాను. చూసి చెప్పడం తనవల్ల కాదంది డోనా. ఆ రోజుల్లో ఆఫ్రికా కొమ్ములు కూడా పడవల్లో మన రేవులకి చేరేవట. ఏదైనా కావచ్చు.

పిల్ల తాగడం ఆపి మా వైపు వచ్చింది. ముక్కు మీద ఇంకా పెద్ద కొమ్ము లేదు, బొడిపె. మావారి చొక్కా వాసన చూసి, భయపడి, తల్లి వెనక్కి పరుగెత్తింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కారులో కూర్చున్నాక, "దాన్ని అటవీశాఖ వాళ్లకి అప్పగించమని రామానికి చెబుతాను. ఇంట్లో ఉండకూడదు" అన్నారు. చెప్పారు కూడా. అన్నదమ్ములిద్దరూ ఫోన్‌లో గట్టిగా వాదించుకున్నారు. రామం ఏడ్చాడు, నాన్న గిన్నె అని. అయినా మర్నాడు లాస్య తండ్రి దగ్గర్నుంచి దాన్ని తీసుకుని, తనే స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చాడు.

గ్యారేజీ

మర్నాడు ఫ్రిస్కో చేరాం. ఆ రాత్రే లాస్యని ఎయిర్‌పోర్ట్‌లో కలిసి ఇంటికి తెచ్చుకున్నాం. పెట్టె తెరవగానే ఇల్లంతా కారప్పొడి వాసన. కాలేజీ తెరిచేదాకా ఆ పిల్ల మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. మావారితో మామూలుగానే మాట్లాడింది. ఆయనే ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయారు. ఒకరోజు తనే కూర్చుని ఆ తెల్ల చుడీదార్ రెండుసార్లు ఉతికారు. మరక పూర్తిగా పోలేదు.

తద్దినం గ్యారేజీలో పెట్టుకున్నాం, పొగ అలారానికి భయపడి. కార్లు రెండూ రోడ్డు మీదికి తీసి, సిమెంటు నేల కడిగి, పీటలు వేశాం. గుడి నుంచి వచ్చిన పంతులుగారు కుర్రవాడు, చాలా శ్రద్ధ గల మనిషి. ఆయన చెంబుతో నీళ్లు పోస్తుంటే మావారు దోసిట్లో పట్టి, బొటనవేలి పక్కనుంచి పళ్లెంలోకి వదిలారు. తండ్రికి, తాతకి, ముత్తాతకి. మొదట్లో ఆయన చెయ్యి అలవాటు ప్రకారం గిన్నె కోసం పక్కకి వెళ్లింది, అక్కడేమీ లేకపోయేసరికి వెనక్కి వచ్చింది.

చివర్లో పంతులుగారు చెప్పించే మాట ఒకటుంది. తల్లీ తండ్రీ లేనివాళ్లు, బంధువులు లేనివాళ్లు, తమకని నీళ్లు వదిలే దిక్కు లేనివాళ్లు ఈ నీళ్లతో తృప్తి పొందాలని. ఇన్నేళ్లూ మావారు దాన్ని గబగబా అనేసి లేచేవారు, ఆకలి వేళ కదా. ఈసారి ఆగిపోయారు.

"ఇది మనుషులకేనా పంతులుగారూ?"

పంతులుగారు చెంబు నిలబెట్టి పట్టుకున్నారు. "మనుషులకని అందులో లేదండీ" అన్నారు.

"అయితే ఇంకొకసారి పోయండి."

"ఎవరి పేరున?"

మావారు దోసిలి చాపారు. "పేరు తెలియదు, గోత్రం తెలియదు. నాలుగు తరాలు మా ఇంటి నీళ్లు మోసింది."

పంతులుగారు ఆయన ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా చెంబు వంచారు.